కొత్త ప్రాసెసర్‌కి అంత పెట్టాలా, పాత జనరేషన్ సరిపోతుందా?

ముందు ఒక లెక్క చూద్దాం. ఏఎమ్‌డీ రైజెన్ 5 5600 అనే ప్రాసెసర్ 2022 ఏప్రిల్‌లో 199 డాలర్లకి రిలీజ్ అయింది, ఆరు కోర్లు (అసలు పని చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). రైజెన్ 5 9600ఎక్స్ 2024 ఆగస్టులో 279 డాలర్లకి వచ్చింది, దాంట్లో కూడా ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లే. మధ్యలో డిజైన్ రెండు జనరేషన్లు ముందుకెళ్ళింది, జెన్ 3 నుంచి జెన్ 4, అక్కడ్నుంచి జెన్ 5, కాబట్టి కొత్తది ఫాస్ట్ అన్నదాంట్లో డౌట్ లేదు. కానీ 5600 ఇప్పుడు లాంచ్ రేటు కంటే బాగా తక్కువకే దొరుకుతుంది, బాక్సులోనే కూలర్ (చల్లబరిచే ఫ్యాన్) వస్తుంది, పాత మదర్‌బోర్డులో పాత ర్యామ్‌తో నడుస్తుంది. 9600ఎక్స్ పెట్టాలంటే బోర్డు కొత్తది, ర్యామ్ కొత్తది, కూలర్ కూడా విడిగా కొనాలి ఎందుకంటే ఆ బాక్సులో రాదు. తేడా 80 డాలర్లు అనుకుని వెళ్ళినవాళ్ళకి కొటేషన్ చేతికొచ్చాక అసలు తేడా తెలుస్తుంది.

చాలామంది "ప్రాసెసర్ రేట్లు బాగా పెరిగిపోయాయి" అంటారు గానీ లాంచ్ రేట్లు వరసగా పెట్టి చూస్తే అలా కనపడదు. ఇంటెల్ ఐ9-12900కే 2021లో 589 డాలర్లు, 13900కే 589, 14900కే 589, ఆ తర్వాత పేరు మార్చి వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే కూడా 589. ఏఎమ్‌డీలో అయితే పదహారు కోర్ల చిప్ రేటు తగ్గింది కూడా, 5950ఎక్స్ 799, 7950ఎక్స్ 699, 9950ఎక్స్ 649. కొత్తది ఖరీదుగా కనపడటానికి కారణాలు రెండు. ఒకటి, పక్కనే ఉన్న పాతదాని రేటు పడిపోతుంది. రెండోది, కొత్త చిప్ ఒంటరిగా రాదు, దాని వెనకాల బోర్డు, ర్యామ్ ఖర్చు వస్తాయి. దీనికితోడు మన దగ్గర 18 శాతం జీఎస్‌టీ, డాలర్ రేటు కలుస్తాయి, అందుకే అమెరికా రేటుని రూపాయల్లోకి మార్చుకుని షాపుకెళ్తే అక్కడ లెక్క కుదరదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మీ పనిలో మిమ్మల్ని వెయిట్ చేయిస్తున్నది ప్రాసెసరే అయితే కొత్తదానికి పెట్టే డబ్బు దండగ కాదు, ధైర్యంగా పెట్టండి. వెయిట్ చేయిస్తున్నది ర్యామో, గ్రాఫిక్స్ కార్డో, హార్డ్ డిస్కో అయితే మాత్రం ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా మీకు తేడా కనపడదు, ఆ డబ్బు అక్కడ పెడితేనే ఫలితం. ఇంట్లో, ఆఫీసులో కంప్యూటర్ వాడేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

ర్యామ్ సంగతి ముందు మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు మొత్తం లెక్కని తారుమారు చేస్తున్నది అదే. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. ఏఎమ్‌4 సాకెట్ అంటే రైజెన్ 1000 నుంచి 5000 దాకా, వీటికి డీడీఆర్4 ర్యామ్. ఏఎమ్‌5 అంటే 7000, 8000, 9000 సిరీస్‌లు, వీటికి డీడీఆర్5 తప్ప వేరేది ఎక్కదు. ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లకి సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ1700, బోర్డుని బట్టి డీడీఆర్4 అయినా డీడీఆర్5 అయినా వాడుకోవచ్చు (ఒకే బోర్డులో రెండూ కాదు, కొనేముందే చూసుకోవాలి). కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి ఎల్‌జీఏ1851 అనే కొత్త సాకెట్, డీడీఆర్5 మాత్రమే. 2025 మొదట్లో అయితే "కొత్తగా కొంటుంటే డీడీఆర్5కే వెళ్ళండి" అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, రేట్లు అంత దిగొచ్చాయి. అదే 2025 చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లకి మెమరీ మొత్తం తరలిపోవడంతో డీడీఆర్5 రేట్లు కొన్ని నెలల్లోనే రెండింతలు, మూడింతలు అయ్యాయి, డీడీఆర్4 కూడా వెనకాలే పెరిగింది. మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండ్‌తో మనలాంటి మామూలు కస్టమర్లకి అమ్మడమే మానేస్తున్నామని ప్రకటించింది. అందుకే ఇవాళ మీ పాత పీసీలో 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉంటే అది చిన్న ఆస్తి కిందే లెక్క, దాన్ని పక్కన పడేసి కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కాబట్టి సికింద్రాబాద్ సీటీసీలో అయినా మీ ఊళ్ళో కంప్యూటర్ షాపులో అయినా కొటేషన్ అడిగినప్పుడు ప్రాసెసర్ లైన్ ఒక్కటే చూడొద్దు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కూలర్ ఈ నాలుగూ కలిపి ఒక మొత్తం, పాత జనరేషన్‌తో ఇదే నాలుగు కలిపి ఇంకో మొత్తం రాయించుకోండి. ఆ రెండు మొత్తాల మధ్య ఉన్న తేడానే కొత్త ప్రాసెసర్ అసలు ఖరీదు. ఆ డబ్బుకి వేరే ఏమొస్తుందో కూడా అక్కడే అడగండి, ఒక మెట్టు పైన గ్రాఫిక్స్ కార్డా, 1 టీబీ ఎస్ఎస్‌డీనా, మంచి మానిటరా. అప్పుడే నిర్ణయం సరిగ్గా వస్తుంది.

ఇక కొత్తదాంట్లో నిజంగా ఎంత పెరిగింది? ఒక్కో క్లాక్‌కి (ప్రాసెసర్ వేసే ఒక్కో టిక్‌కి) చేసే పని జెన్ 3 నుంచి జెన్ 4కి 13 శాతం, జెన్ 4 నుంచి జెన్ 5కి 16 శాతం పెరిగిందని ఏఎమ్‌డీ చెప్పిన లెక్క. దానిపైన స్పీడు కూడా పెరిగింది, 5600 గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే 9600ఎక్స్ 5.4కి వెళ్తుంది. రెండూ కలిపితే ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో తేడా లెక్కకి 60 శాతం దాకా వస్తుంది. కాగితం మీద చూస్తే చాలా పెద్దది. కానీ ఒక వెబ్ పేజీ తెరుచుకోవడం అరసెకను నుంచి 0.3 సెకన్లకి తగ్గితే మన కంటికి అది పట్టదు, నలభై నిమిషాల రెండరింగ్ (వీడియోనో త్రీడీ బొమ్మనో చివరి ఫైలుగా తయారుచేయడం) ఇరవై ఐదు నిమిషాలకి తగ్గితే మాత్రం రోజూ పట్టుద్ది. శాతం దాదాపు ఒకేలా ఉన్నా దాని విలువ పనిని బట్టి మారిపోతుంది, యూట్యూబ్‌లో బార్ గ్రాఫులు చూపించేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

మీ పీసీని ఏది ఆపుతుందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్ళి మీరు రోజూ చేసే పనే చేస్తూ చూడండి. మెమరీ 90 శాతం దాటి ఉంటే మీకు కావాల్సింది ర్యామ్. డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే కావాల్సింది ఎస్ఎస్‌డీ. ఇప్పటికీ పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుపుతూ "ప్రాసెసర్ పాతదైపోయింది" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, దయచేసి ముందు అది మార్చండి, ఇంకేదీ అంత తేడా చూపించదు. గేమ్ ఆడుతున్నప్పుడు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) 95 నుంచి 99 శాతం మధ్యలో ఉంటే మీ ప్రాసెసర్ దాని పని అది చేస్తున్నట్టే, మార్చినా ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) పెరగవు. జీపీయూ 60, 70 దగ్గర తిరుగుతూ గేమ్ కుదుపులు పడుతుంటే అప్పుడు ప్రాసెసర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త, సీపీయూ (అంటే ప్రాసెసరే) మొత్తం 30 శాతమే చూపిస్తుంది కదా ఖాళీగా ఉందిలే అనుకోవద్దు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వ్యూలోకి మార్చి చూడండి, ఒకటో రెండో కోర్లు పైకంటా వెళ్ళి మిగతావి పడుకుని ఉంటే అక్కడ మీకు కావాల్సింది ఎక్కువ కోర్లు కాదు, వేగమైన కోర్లు.

గేమింగ్ కోసం అయితే

రివ్యూల్లో ప్రాసెసర్లని ఎలా పోలుస్తారంటే, మార్కెట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టి, 1080పీ రిజల్యూషన్‌లో గేమ్ నడుపుతారు. అలా చేస్తేనే ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడుతుంది కాబట్టి ఆ పద్ధతి కరెక్టే, అందులో మోసం ఏం లేదు. కానీ మీ దగ్గర ఉన్నది ఆర్‌టీఎక్స్ 3060నో 4060నో అయ్యి, మీరు సెట్టింగ్స్ హైలో పెట్టి ఆడేవాళ్ళైతే, ఆ గ్రాఫులో కనపడే 30 శాతం తేడా మీ ఇంట్లో చాలా గేమ్‌ల్లో రెండు మూడు శాతానికి కుంచించుకుపోతుంది, ఎందుకంటే ముందు అలిసిపోయేది కార్డే. 1440పీకి, 4కేకి వెళ్ళేకొద్దీ ఇంకా అంతే. 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 60 ఫ్రేములే చూపించేది) ఉన్నవాళ్ళు అసలు ఈ చర్చలోకి రావాల్సిన పనే లేదు, ఆరు కోర్ల 5600 గానీ ఐ5-12400ఎఫ్ గానీ చాలు, మిగిలిన డబ్బు మొత్తం కార్డు మీద పెట్టండి.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి 240 హెర్ట్జ్ మానిటర్ మీద సీరియస్‌గా ఆడేవాళ్ళ కథ వేరు, ఫ్లైట్ సిమ్యులేటర్, పెద్ద స్ట్రాటజీ గేమ్‌లు ఆడేవాళ్ళ కథ కూడా. అక్కడ ప్రాసెసరే రాజు, అందులోనూ ఎక్స్3డీ అని పేరు చివర ఉండేవి. వీటిలో మామూలు చిప్ మీద ఇంకో పొర మెమరీ అతికిస్తారు. మామూలు 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ ఉంటే 5800ఎక్స్3డీలో 96 ఎంబీ, దాంతో గేమ్‌కి కావాల్సిన డేటా కోసం ప్రాసెసర్ మాటిమాటికీ ర్యామ్ దాకా పోయి రావాల్సిన పని తగ్గుతుంది. 5800ఎక్స్3డీ 2022లో 449 డాలర్లు, 7800ఎక్స్3డీ 2023లో 449, 9800ఎక్స్3డీ 2024 నవంబర్‌లో 479. చివరి రెండిటి మధ్య గేమ్‌ల్లో తేడా సగటున 8 శాతం అని ఏఎమ్‌డీయే చెప్పుకుంది. 9800ఎక్స్3డీలో ఆ క్యాష్ పొరని కోర్ల పైనుంచి కిందకి మార్చారు, అందుకని వేడి తేలిగ్గా బయటకి పోతుంది, క్లాకులు ఎక్కువ పట్టుకుంటుంది, గేమ్‌తోపాటు రెండరింగ్ లాంటి పనుల్లోనూ 7800ఎక్స్3డీ కంటే బాగుంటుంది. కేవలం గేమ్‌లకే అయితే నేను మాత్రం రెండిటి మధ్య రేటు తేడా పెద్దగా ఉంటే 7800ఎక్స్3డీనే తీసుకోమంటా, కొద్ది తేడానే అయితే కొత్తది. కానీ దీని పక్కన కనీసం ఆర్‌టీఎక్స్ 4070 స్థాయి కార్డు లేకపోతే రెండూ వద్దు.

ఆల్రెడీ ఏఎమ్‌4 బోర్డు ఉన్నవాళ్ళకి

రైజెన్ 5 1600, 2600, 3600 లాంటివి వాడుతూ బీ450, బీ550 బోర్డు ఉన్నవాళ్ళు ఈ మొత్తం వ్యవహారంలో అదృష్టవంతులు. బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 5600 గానీ ఎనిమిది కోర్ల 5700ఎక్స్ గానీ పెట్టేసుకుంటే చాలు, బోర్డు అదే, ర్యామ్ అదే, పాత చిప్ అమ్ముకుంటే ఇంకొంచెం డబ్బు వెనక్కి వస్తుంది. గేమ్‌లకైతే 5700ఎక్స్3డీ దొరికితే అంతకంటే మంచి బేరం ఉండదు, 2024 జనవరిలో 249 డాలర్లకి వచ్చింది, ఇప్పుడు స్టాక్ తగ్గిపోయింది కాబట్టి ఎవరైనా దొరకడమే గొప్పన్నట్టు 9000 సిరీస్ రేటు చెప్తే మాత్రం వదిలేయండి.

ఇక్కడ పేర్లలో ఒక గొడవ ఉంది, షాపువాళ్ళకే సరిగ్గా తెలియదు. 5600, 5600ఎక్స్, 5700ఎక్స్ వీటిలో 32 ఎంబీ క్యాష్ ఉంటుంది, పీసీఐఈ 4.0 (గ్రాఫిక్స్ కార్డుకి, ఎస్ఎస్‌డీకి డేటా వెళ్ళే దారి, నంబర్ పెరిగితే వేగం ఎక్కువ) ఉంటుంది. 5500, 5600జీ, 5700జీ, ఇంకా చివర్లో ఏ అక్షరం లేని 5700, ఇవన్నీ వేరే చిప్ నుంచి వచ్చినవి, వీటిలో క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0 మాత్రమే. నంబర్ చూస్తే 5700 పెద్దది, 5600 చిన్నది అనిపిస్తుంది గానీ గ్రాఫిక్స్ కార్డు పెట్టి గేమ్ ఆడేవాళ్ళకి 5600 మెరుగు. కార్డు కొనే బడ్జెట్ లేనివాళ్ళకి జీ ఉన్నవి పనికొస్తాయి, వాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది.

వీడియో ఎడిటింగ్, కోడింగ్

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇక్కడ ఖరీదైన చిప్ తీసుకుని కూడా టైమ్‌లైన్ మీద కుదుపులతో ఇబ్బందిపడేవాళ్ళున్నారు. ఇప్పటి సోనీ, కెనాన్ కెమెరాల్లో 10 బిట్ 4:2:2 అని ఒక మోడ్ ఉంటుంది, కలర్ గ్రేడింగ్‌కి బాగుంటుందని అందరూ అందులోనే తీస్తారు. ఆ ఫుటేజ్‌ని టైమ్‌లైన్ మీద ప్లే చేయాలంటే డీకోడ్ చేసే (కుదించిన వీడియోని విప్పే) హార్డ్‌వేర్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ 11వ జనరేషన్ నుంచి హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి) 4:2:2ని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. రైజెన్‌ల లోపలి గ్రాఫిక్స్‌కి అది రాదు, ఎన్‌విడియా కార్డుల్లో కూడా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే వచ్చింది. అంటే మీ దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 ఉండి, ప్రీమియర్ ప్రోలో ఎడిటింగ్ చేస్తుంటే, ఎంతో తక్కువ రేటున్న ఐ5-12500 ఒక ఖరీదైన రైజెన్ కంటే టైమ్‌లైన్ మీద సాఫీగా నడుస్తుంది. ఎఫ్ అని చివర ఉన్న ఇంటెల్ చిప్‌లు (12400ఎఫ్ లాంటివి) మాత్రం ఈ పనికి తీసుకోవద్దు, వాటిలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, దాంతోపాటు క్విక్ సింక్ పోతుంది, రెండు మూడు వేలు మిగుల్చుకోబోయి రోజూ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు) చేసుకుంటూ కూర్చోవాలి. ఇంకోటి, 12400లో ఉండే గ్రాఫిక్స్‌లో వీడియో ఇంజిన్ ఒకటే, 12500 నుంచి రెండు ఉంటాయి, కాబట్టి ఎడిటింగ్‌కి ఆ చిన్న మెట్టు ఎక్కడం మంచిది. మీ కెమెరా హెచ్.264లో 4:2:2 తీస్తుంటే ఈ చిప్‌ల్లో క్విక్ సింక్ కూడా సాయం చేయదు, సోనీ వాళ్ళైతే కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్‌కి (హెచ్.265లో తీసే మోడ్) మార్చుకోండి.

ఫైనల్ ఎక్స్‌పోర్ట్, త్రీడీ రెండరింగ్, బ్లెండర్‌లో సీపీయూ మీద చేసే పనులు, వీటిలో ఎన్ని కోర్లుంటే అంత లాభం. రోజంతా ఇదే పని చేసి సంపాదించేవాళ్ళకి పన్నెండు, పదహారు కోర్ల కొత్త చిప్ నిజంగానే దాని రేటు అది తెచ్చిపెడుతుంది. రోజుకి గంట మిగిలితే నెలకి ఇంకో ప్రాజెక్టు తీసుకోవచ్చు కదా, ఆ కోణంలో లెక్కేసుకోండి. బిజినెస్ పేరు మీద జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకునే వీలుంటుంది, మీ ఆడిటర్‌ని అడగండి.

కోడింగ్ వాళ్ళు, అమీర్‌పేటలో కోర్సు చేసే పిల్లల దగ్గర్నుంచి పెద్ద కంపెనీల్లో ఉన్నవాళ్ళ దాకా, చాలామందికి అడ్డం ర్యామే. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, క్రోమ్‌లో ముప్ఫై ట్యాబులు, వెనకాల డాకర్, ఇవన్నీ 8 జీబీలో పెట్టి ఐ9 కొన్నా నత్తనడకే. జావా, పైథాన్, వెబ్ నేర్చుకునే స్టూడెంట్‌కి 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఐ5-12400 లాంటి ఆరు కోర్లు, అంతే, ఇంతకు మించి అమ్మానాన్నలతో ఖర్చు పెట్టించొద్దు. పెద్ద సీ++ ప్రాజెక్టులు రోజుకి పదిసార్లు కంపైల్ చేసేవాళ్ళు మాత్రం కొత్త జనరేషన్‌కి, ఎక్కువ కోర్లకి వెళ్ళొచ్చు, ఆ పనిలో కోర్లు అన్నీ నిండుగా వాడతారు.

టాలీ, ఎక్సెల్, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసులు, మీసేవ లాంటి సెంటర్లలో ఫారాలు నింపడం, ప్రింట్లు తీయడం, వీటికి ఐ3-12100 కూడా ఎక్కువే. ఇక్కడ కొత్తదా పాతదా అనే ప్రశ్నే లేదు.

ఇంటెల్ సంగతి

13, 14 జనరేషన్ ఇంటెల్‌లో ఒక సమస్య వచ్చిన విషయం చాలామందికి ఇంకా తెలియదు. చిప్ తనకి అవసరమైనదానికంటే ఎక్కువ వోల్టేజ్ అడిగేది, దాంతో కొన్నాళ్ళకి లోపల దెబ్బతిని గేమ్‌లు క్రాష్ అవ్వడం, బ్లూ స్క్రీన్లు రావడం మొదలయ్యేవి, ఎక్కువగా పేరు చివర కే ఉన్న ఐ7, ఐ9 మోడల్స్‌లో. ఇంటెల్ 2024లో ఒప్పుకుని మైక్రోకోడ్ (బయోస్‌తోపాటు వచ్చే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, ఆ డెస్క్‌టాప్ చిప్‌లకి వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచింది. అప్‌డేట్ ఇక ముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది గానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో 13900కే, 14900కే, 13700కే లాంటివి ఎంత తక్కువకి వచ్చినా నేను తీసుకోమని చెప్పను. బాక్సు సీల్ ఉన్న కొత్తదైతే ముందు బయోస్ అప్‌డేట్ చేసి అప్పుడు వాడండి.

14వ జనరేషన్‌లో ఎక్కువ భాగం 13వదే కొద్దిగా క్లాకులు పెంచి ఇచ్చారు, కాబట్టి ఒకే మోడల్ రెండిట్లో ఉంటే తక్కువ రేటున్నది తీసుకోండి. కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ చిప్‌లు 2024 అక్టోబర్‌లో వచ్చాయి, కరెంటు బాగా తక్కువ తాగుతాయి, ఎడిటింగ్, రెండరింగ్‌లో బాగున్నాయి, కానీ చాలా గేమ్‌ల్లో వాటి ముందు తరం 14900కే కంటే వెనకబడ్డాయి. కొత్త సాకెట్, కొత్త బోర్డు, డీడీఆర్5, ఇన్ని మార్చుకుని గేమ్‌లో పాతదానికంటే వెనకబడటం అంటే గేమర్లకి ఇది అక్కర్లేదు. ఎడిటింగ్ చేసేవాళ్ళు మాత్రం 265కేని సీరియస్‌గా చూడొచ్చు, ఇరవై కోర్లు, క్విక్ సింక్ ఉంది, 394 డాలర్లకి లాంచ్ అయి ఆ తర్వాత రేటు బాగా తగ్గింది.

కరెంటు గురించి చాలామంది భయపడతారు కాబట్టి ఆ లెక్క కూడా. రెండు ప్రాసెసర్ల మధ్య 100 వాట్ల తేడా ఉంది, రోజుకి ఐదు గంటలు ఫుల్ లోడ్‌లో వాడతారు అనుకుందాం, అంటే రోజుకి అర యూనిట్, ఏడాదికి 180 పైచిలుకు యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే పధ్నాలుగు వందల పైన. మామూలు వాడకంలో ఇందులో సగం కూడా అవ్వదు. అసలు ఇబ్బంది వేడి, మే నెలలో ఏసీ లేని గదిలో 250 వాట్లు లాగే చిప్ పక్కన కూర్చోవడం కష్టం, కూలర్‌కి, పెద్ద ఎస్ఎంపీఎస్‌కి (పవర్ సప్లై) అదనపు ఖర్చు. ఆ విషయంలో 65 వాట్ల చిప్‌లు మన వాతావరణానికి చాలా నయం.

లాప్‌టాప్‌ల్లో కొత్త నంబర్‌ని నమ్మొద్దు

డెస్క్‌టాప్‌లో కొత్తది అంటే చాలావరకు కొత్తదే, లాప్‌టాప్‌ల్లో ఆ గ్యారంటీ కూడా లేదు. రైజెన్ 5 7520యూ అని ఉంటుంది, 7000 సిరీస్ కదా అనుకుంటాం, లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. ఆ సిరీస్‌లో మూడో అంకె చూడాలి, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3, 4 అంటే జెన్ 4. అందుకే 7530యూ పాత డిజైనే అయినా ఆరు కోర్లతో 7520యూ కంటే చాలా మెరుగు, 7640హెచ్ఎస్ ఇంకా మెరుగు. ఇంటెల్‌లో కూడా "అల్ట్రా" లేకుండా కోర్ 5, కోర్ 7 అని కొత్త పేర్లతో వచ్చిన 120యూ, 150యూ, 210హెచ్ లాంటివి లోపల 13వ జనరేషన్ కుటుంబమే. చెడ్డవి కావు, కానీ కొత్త పేరు పెట్టారని ఎక్కువ రేటు ఇవ్వాల్సిన పని లేదు, 13వ జనరేషన్ లాప్‌టాప్ క్లియరెన్స్‌లో తక్కువకి వస్తే అదే తీసుకోండి.

లాప్‌టాప్‌ల్లో కొత్తదానికి ఎక్కువ పెట్టడం సబబే అనిపించేది ఒకే ఒక్క చోట, బ్యాటరీ. కోర్ అల్ట్రా 200వీ సిరీస్, స్నాప్‌డ్రాగన్ ఎక్స్, ఆపిల్ ఎం సిరీస్, ఇవి రోజంతా బయట తిరిగేవాళ్ళ జీవితం నిజంగా మారుస్తాయి. ఛార్జర్ మోయకుండా కాలేజీకో క్లయింట్ దగ్గరికో వెళ్ళి రావడం అనేది బార్ గ్రాఫులో కనపడని సుఖం. అయితే 200వీ వాటిలో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే ఉంటుంది, 16 గానీ 32 గానీ, తర్వాత పెంచుకోలేరు, మ్యాక్‌లదీ అదే కథ. స్నాప్‌డ్రాగన్ తీసుకునేముందు మీ కాలేజీ, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఆర్మ్ విండోస్‌లో (ఇంటెల్, ఏఎమ్‌డీ కాని ఇలాంటి చిప్‌ల కోసం చేసిన విండోస్) నడుస్తుందో లేదో చూసుకోవాలి. ఇక "ఏఐ పీసీ", ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం పెట్టిన భాగం), 40 టాప్స్ (దాని వేగం కొలత) అనే మాటల కోసం మాత్రం ఇప్పుడైతే రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి, మనం వాడే చాట్‌బాట్లు దాదాపు అన్నీ సర్వర్ల మీదే నడుస్తున్నాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో ఉచ్చు ఉంది. ఆన్‌లైన్‌లో "కోర్ ఐ7, 16 జీబీ, ఎస్ఎస్‌డీ" అని చవగ్గా అసెంబుల్ చేసిన సెట్లు అమ్ముతారు, లోపల చూస్తే 2012 నాటి ఐ7-3770. ఐ7 అనే పేరు చూసి ఇంట్లోవాళ్ళు పిల్లల కోసం కొనేస్తారు. ఐ3-12100 దానికంటే చాలా ఫాస్ట్, పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ జనరేషన్, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 నుంచే అధికారికంగా సపోర్ట్, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాతది చాలు అని నేను ఇంతసేపు చెప్పింది 2021, 2022 నాటి వాటి గురించి, పన్నెండేళ్ళు దాటిపోయిన వాటి గురించి కాదు. సర్వర్ల నుంచి తీసేసిన జియాన్ చిప్‌ని చైనా ఎక్స్99 బోర్డు మీద పెట్టి పద్నాలుగు కోర్లని అమ్మేవి కూడా అంతే, కోర్లు ఎక్కువ గానీ ఒక్కో కోర్ నెమ్మది, బోర్డు పోతే సర్వీసు చేసే దిక్కుండదు.

అన్నీ కొత్తగా, సున్నా నుంచి కొనేవాళ్ళకి నేనేం చెప్తానంటే, బడ్జెట్ టైట్‌గా ఉంటే 12400 గానీ 5600 గానీ డీడీఆర్4తో, మారుమాట లేకుండా. కొంచెం వెసులుబాటు ఉండి ఐదారేళ్ళు వాడాలి, మధ్యలో ప్రాసెసర్ మార్చుకోవాలి అనుకుంటే రైజెన్ 5 7600తో ఏఎమ్‌5కి వెళ్ళండి. ఏఎమ్‌డీ ఆ సాకెట్‌కి 2027, ఆ పైన కూడా కొత్త చిప్‌లు ఇస్తామని చెప్పింది, 2017లో ఏఎమ్‌4 కొన్నవాళ్ళు 2022 చిప్ అదే బోర్డులో పెట్టుకోగలిగారు కాబట్టి ఆ మాటకి విలువ ఉంది. 9600ఎక్స్‌కి, 7600కి మధ్య తేడా గేమ్‌ల్లో తక్కువే, 7600 బాక్సులో కూలర్ కూడా వస్తుంది, అందుకే రెండిటి రేట్లు దాదాపు సమానమైతే తప్ప 7600 వైపే నా మొగ్గు. ఎల్‌జీఏ1700లో అయితే ముందుకి దారి లేదు, ఆ బోర్డు 14వ జనరేషన్‌తో ఆఖరు.

కొనేటప్పుడు బాక్స్ పీసా, ట్రే పీసా (కంపెనీ బాక్సు లేకుండా విడిగా వచ్చేది) అడగండి. బాక్స్ పీస్‌కి కంపెనీ వారంటీ మూడేళ్ళు ఉంటుంది, ట్రేకి షాపువాడు ఇచ్చేదే దిక్కు, వెయ్యి రూపాయల తేడాకి ట్రే తీసుకోవద్దు. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. ఏఎమ్‌5లో 9000 సిరీస్ తీసుకుంటూ బీ650 లాంటి పాత స్టాక్ బోర్డు తీసుకుంటే బయోస్ పాతదై స్క్రీన్ రాకపోవచ్చు, షాపులోనే అప్‌డేట్ చేయించి, డిస్‌ప్లే వచ్చాక ఇంటికి తెచ్చుకోండి, లేదా వెనకాల బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అడిగి తీసుకోండి, అది ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఇంట్లో మీరే చేసుకోవచ్చు.